మొదటి పూత వేసినవాడిదే గోడ

రంగుల మేస్త్రికి నసమేస్త్రి అని పేరు పెట్టింది కంట్రాక్టరే. అందులో ముద్దేమీ లేదు. రంగు వేయమంటే వేయకుండా గోడకు ప్లాస్టిక్ కాగితం కప్పి, చుట్టూ టేపు అంటించి, మర్నాటిదాకా ఆగేవాణ్ణి మరేమంటారు? కాగితం లోపల చెమట పడితే గోడ ఆరనట్టు. ఆరని గోడకు రంగు వేస్తే నెల తిరక్కుండా బుడగలు లేస్తాయి. కారింది నీళ్ల పైపు అయినా తిట్లు తినేది రంగులవాడు. ఉరుము ఉరిమి మంగళం మీద పడటమంటే ఇదే.

పైగా ఆ పనిలో ఒక పాడు కట్టుబాటుంది. మొదటి పూత వేసినవాడు గోడను ఒప్పుకున్నట్టే. తర్వాత పెచ్చులూడినా, బూజు పట్టినా వాడే సొంత ఖర్చుతో మళ్లీ వేయాలి. కంట్రాక్టర్ ఒప్పందంలోనూ అదే రాయించాడు. కిందటి పనిలో ఇల్లంతా అలా రెండోసారి వేసి నసమేస్త్రి చితికిపోయాడు. ఇంకోసారి జరిగితే మేస్త్రితనం పోయి, మళ్లీ ఒకరి కింద కూలికి బ్రష్షు పట్టాల్సిందే.

ఆ ఉదయం కొత్త ఇంటి హాల్లో కాగితం ఊడదీస్తే వేళ్లకు తడి అంటింది.

“ఈ గోడకి ఇప్పుడే రంగు పడదండీ,” అన్నాడు.

“సాయంత్రం ఇంటాయన వస్తున్నాడు. నీ కాగితాలు చూపించమంటావా?” కంట్రాక్టర్ అరిచాడు.

“తడి ఉండగా మీరే వేయించారని రాసివ్వండి. ఇప్పుడే మొదలుపెడతా.”

“నీ ముఖానికి రాసివ్వడం కూడానా! నీలాంటోళ్లు గేటు బయట బోలెడుమంది.”

లాభమొస్తే తన తెలివి, నష్టమొస్తే ఎదుటివాడి ఖర్మ అనుకునే రకం ఈ పెద్దమనిషి. అలాంటివాళ్లకు దేవుడు సిగ్గు తగ్గించి గొంతు పెంచుతాడు.

మేస్త్రి కదలకపోయేసరికి కంట్రాక్టర్ అతని బావమరిది వైపు తిరిగాడు. మేస్త్రి భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, బావ దగ్గరే పని నేర్చినవాడు.

“నువ్వేస్తావా? ఇక మీదట నా పనులన్నీ నీకే.”

బావమరిది బావకేసి చూడలేదు. రోలరును మొదటి పూతకు కలిపిన ప్రైమర్‌లో ముంచి గోడ మీద ఒక్క లాగు లాగాడు.

నసమేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన మనిషి వేసిన పూత తను వేసినట్టే. ఆ గోడను వదిలించుకోవాలంటే ఒక్కటే దారి.

“వీడు నా మనిషి కాదు,” అన్నాడు అందరూ వినేలా. “పూత వాడు వేశాడు, గోడ వాడిది. ఒప్పందం వాడి పేర రాసుకోండి.”

“అదేంటి బావా?”

“ఎవడ్రా నీకు బావ?”

కంట్రాక్టర్‌కు కావాల్సింది ఒక సంతకం, ఎవరిదైతేనేం. అక్కడికక్కడే పెట్టించుకున్నాడు.

ఇంటికొస్తే భార్య తలుపు తీసి అతని వెనక్కి చూసింది. “తమ్ముడేడీ?”

జరిగింది చెప్పాడు. గెలిచినవాడిలా చెప్పాడు. బుడగలొచ్చినా తనకిక సంబంధం లేదన్నాడు.

“మరి వాడికో?”

“వాడే ఎగబడ్డాడు. అనుభవించనీ.”

“వాడు ఆశపడ్డాడు, బుద్ధిలేదు. ఆ సంతకంతో వాడి మీద ఏం పడుతుందో మీకు తెలుసు కదా. పెట్టకురా అన్నారా?”

అనలేదు. పైగా కంట్రాక్టర్ కలం కోసం జేబులు తడుముకుంటుంటే, తన జేబులోది తీసి బావమరిది చేతికిచ్చాడు. ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం లేక, చేతుల రంగు కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్లాడు. ఆ రోజు అతను రంగు ముట్టుకోనేలేదు.