బ్రేక్ ఆయిల్ గంగాధరరావు గారు

మా పక్కింటి గంగాధరరావు గారికి ఒకటే జబ్బు. ఎవరి కారు కనబడినా బానెట్ ఎత్తించి, బ్రేక్ ఆయిల్ చూడందే ఆయనకు ముద్ద దిగదు. బందరులోని ఆయనింటికి చుట్టాలు కారేసుకుని రావడం మానేసి, బస్సుల్లో వస్తున్నారు.

"బండి శుభ్రంగా ఆగుతోంది కదా మావయ్యగారూ?" అన్నాను ఓసారి.

"ఆగినన్నాళ్లూ ఆగుతుందోయ్! మన సముద్రపు గాల్లో తేమంతా ఆ ఆయిల్ తాగేస్తుంది. ఆపైన బ్రేకు తొక్కితే ఆగేది నీ గుండె, కారు కాదు."

మెకానిక్ దగ్గరికి పంపరు. లుంగీ ఎగ్గట్టి, గోనెసంచి పరుచుకుని, చక్రం పక్కన తనే పడుకుంటారు. బ్రేకు తొక్కడానికి మాత్రం కారులో ఒక మనిషి కూర్చోవాలి.

"తొక్కు!"

"తొక్కానండీ."

"పట్టు!"

ఆయన చక్రం దగ్గరున్న మర వదులు చేస్తే, డికాక్షన్‌లాంటి పాత ఆయిల్ బుడగలతో సహా గొట్టంలోంచి సీసాలోకి దిగుతుంది. మర బిగించాక, "ఇప్పుడొదులు!" ముందే వదిలామా, గాలి లోపలికి పోతుంది, తిట్లు బయటికొస్తాయి.

గుడివాడ నుంచి వియ్యంకుడు గోవర్ధనరావు గారు పట్టుపంచె కట్టుకుని కారులో వచ్చారు.

"గృహప్రవేశానికి పిలిచి వెళ్దామని వచ్చాను బావగారూ."

"తప్పకుండా వస్తాం. మీ కుడికాలికి ప్రస్తుతం పనేం లేదుగా?"

పాపం, భోజనాల వేళదాకా తొక్కుతూనే ఉన్నారు. మరోసారి డాక్టరుగారు బీపీ చూస్తూ రబ్బరు బుడ్డి నొక్కుతుంటే, ఈయన అలవాటుకొద్దీ "పట్టు!" అని అరిచారు. డాక్టరుగారు హడలిపోయి పట్టుకునే ఉండిపోయారట.

మా వీధిలోనే ఉండే నర్సు కృపాకుమారి, డ్యూటీకి వెళ్లడానికని పాత కారొకటి కొంది. మొదటిరోజే వీధి మలుపులో కంగారుపడి, చేపలమ్మే కొండమ్మ గంపను గుద్దేసింది. కొండమ్మకేం కాలేదు గానీ, శీలావతులు మురిక్కాలవలో ఈదాయి. ఆ తర్వాత కృపాకుమారి స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు. భర్త విల్సన్ బండి అమ్మేద్దామన్నాడు.

"అమ్మేముందు బ్రేక్ ఆయిల్ మార్చాలిగా!" అంటూ గంగాధరరావు గారు గోనెసంచితో దిగిపోయారు. "అమ్మాయ్, నీ బండి, నువ్వే కూర్చోవాలి."

గోవర్ధనరావు గారి కారు నాలుగు చక్రాలూ ఒక్కపూటలో చేసిన మనిషి, ఈ బండికి ఆదివారానికో చక్రం చొప్పున మొదలుపెట్టారు.

"ఇంకా గాలుందమ్మా. మళ్లీ తొక్కు."

"ఇంకానా అండీ?"

"బోలెడుంది!"

నాకు అనుమానమొచ్చి వంగి చూశాను. గొట్టంలో ఆయిల్ తేనెలా మెరుస్తోంది. బుడగన్నది లేదు.

"గాలెక్కడుంది మావయ్యగారూ?"

"ష్! గట్టిగా అనకు," అంటూ నా చొక్కా పట్టుకుని కిందికి లాగారు. "బండిలో గాలి ఎప్పుడో పోయిందోయ్. ఆ పిల్ల కాల్లో వణుకే ఇంకా పోలేదు. ముందు ఆ సీట్లో స్థిమితంగా కూర్చోనీ. డ్రైవింగ్ నేర్పుతానంటే వస్తుందా?"



ఆఖరి చక్రం అయిన ఆదివారం ఆయన చేతులు కడుక్కుని, వెళ్లి ఆమె పక్కసీట్లో కూర్చున్నారు.

"బ్రేకు పనిచేస్తోందో లేదో తెలియాలంటే బండి కదలాలిగా. మెల్లగా పోనివ్వమ్మా."

కారు గేటు దాటింది. మలుపు దగ్గర ఒక గేదె తాపీగా రోడ్డుకి అడ్డమొచ్చింది. విల్సన్ కళ్లు మూసుకున్నాడు. గంగాధరరావు గారు పెదవి విప్పలేదు. కారు మెత్తగా ఆగింది. గేదె వాళ్లిద్దర్నీ ఎగాదిగా చూసి, తోక ఊపుకుంటూ పోయింది. కారులోంచి కృపాకుమారి నవ్వు మా దాకా వినబడింది. ఇక బండి వెనక్కి తిరగలేదు, చిలకలపూడి వైపు సాగిపోయింది.

తిరిగొచ్చేసరికి ఆయన భార్య సరళ అత్తయ్య గేటు దగ్గర చెప్పులేసుకుని సిద్ధంగా నిలబడి ఉంది.

"ఏమండీ, మన కారు బ్రేకుల్లోనూ గాలి చేరినట్టుంది. వచ్చే ఆదివారం నుంచి నేను కూర్చుంటాను."