మత్తు దిగే గదిలో నా వీరంగం

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. రాజమండ్రిలో ఓ పిల్లల ఆసుపత్రిలో కొత్తగా నర్సుగా చేరాను. ఆపరేషన్ అయిన పిల్లలకు మత్తు దిగేదాకా కనిపెట్టుకుని ఉండే గదిలో డ్యూటీ. ఆ గదిలోకి తల్లులు రాకూడదని రూలు. ఆ రూలుకు కాపలా మా హెడ్ సిస్టరు. ఎప్పుడూ బిగుసుకుని ఉండేది కాబట్టి చాటున ‘గంజి సిస్టర్’ అనేవాళ్ళం. (ఎదుట మాత్రం ‘మేడమ్ గారూ’ అని వంగిపోయేవాళ్ళం.)

ఒకరోజు పొద్దున్నే కడియం నుంచి వచ్చిన అయిదేళ్ళ పిల్లకు టాన్సిల్స్ తీశారు. కళ్ళు తెరిచీ తెరవగానే అరుపులు, తన్నులు. సెలైన్ సూది పీకేసింది. పట్టుకోబోతే నన్ను కరిచింది. అంతలా ఏడిస్తే గొంతులో పచ్చిపుండు నుంచి మళ్ళీ రక్తం వస్తుందేమోనని నా భయం. తలుపవతల తల్లి, “ఒక్కసారి చూడనివ్వండి సిస్టరుగారూ, మీకు దణ్ణం పెడతాను” అని ఒకటే ఏడుపు. గంజి సిస్టర్ మాత్రం, “కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకో. కాసేపటికి అదే ఊరుకుంటుంది” అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. “అది పసిపిల్లండీ, అదిమి పట్టుకోడానికి కోడిపెట్ట కాదు!” అని అరిచి, తలుపు తీసి, ఆ తల్లిని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. గుమ్మంలో టోపీ, మాస్కు పెట్టుకున్న ఒకాయన నిలబడి చూస్తున్నాడు. స్ట్రెచర్ తోసే మనిషనుకుని, “ఏంటలా గుడ్లప్పగించి చూస్తావ్? ఆ లైట్లు తీసెయ్, తలుపెయ్, నోరు మూసుకుని నిలబడు!” అని ఆయన మీదా విరుచుకుపడ్డాను. ఆయన పాపం లైట్లు తీసేసి, తలుపేసి, నిలబడ్డాడు.

తల్లి వస్తే మాత్రం పిల్ల ఊరుకుంటే కదా! మత్తులో ఆమెనే గుర్తుపట్టలేదు. (నా ప్రతాపం సగం అక్కడే చల్లారింది.) ఆ తల్లి బెదరలేదు. ఒళ్ళో వేసుకుని, వీపు నిమురుతూ, “అమ్మనేనమ్మా, ఇక్కడే ఉన్నానమ్మా” అని ఆ ఒక్క మాటే చెవిలో నెమ్మదిగా చెబుతూ కూర్చుంది. పావుగంటకి పిల్ల చూపు కుదురుకుంది. “అమ్మా, ఐసు” అంది బొంగురుగా. జరిగిందేదీ దానికి గుర్తే లేదు.

అప్పుడు గుమ్మంలో ఆయన మాస్కు తీశారు. పెద్ద డాక్టరుగారు! ఆసుపత్రే ఆయనది. “ఇప్పుడు లైటు వేసుకోవచ్చా అండీ?” అన్నారు నాతో. నేను పరుగెత్తికెళ్ళి లైటు వేశాను.

“కొత్తమ్మాయి సార్, నోటికి అదుపు లేదు” అంది గంజి సిస్టర్.

“అదుపు మీరు నేర్పండి. తల్లుల్ని మాత్రం రేపట్నుంచి రానివ్వండి” అన్నారాయన.

ఇప్పుడు ఆ గదికి నేనే హెడ్డుని. మొన్న తల్లులు కూర్చోడానికి గదిలో కుర్చీలు కావాలని పైవాళ్ళని అడిగితే కుదరదన్నారు. “సరేలెండి, చూద్దాం” అని తలూపి వచ్చేశాను. వరండాలోకి వచ్చాక నాకే నవ్వొచ్చింది. ఆనాటి ఆ ‘కొత్తమ్మాయి’ పక్కనుంటే, నన్ను చెడామడా తిట్టేసేది.