ల్యాంపు తిరిగి వచ్చేదాకా

నిన్న మధ్యాహ్నం నమూనా క్యాబిన్ తలుపు తీయగానే లోపలి గాలి మొహానికి కొట్టింది. రబ్బరు, చెమట, ముగ్గురు మనుషులు గంటల తరబడి పీల్చి వదిలిన ఊపిరి, అన్నీ కలిసిన వాసన. మన మనుషుల్ని మన నౌకలోనే అంతరిక్షానికి పంపే పనిలో నాది చిన్న భాగం. లోపల కూర్చున్నవాళ్లు పీల్చే గాలి సరిగా ఉందో లేదో చూడటం. పక్కనున్న కొత్త ఇంజనీర్లు ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం గట్టిగా పీల్చాను. నస్పూర్‌లో మా బొగ్గుబాయి ల్యాంపు రూము కిటికీ దగ్గర అచ్చం ఇదే వాసన వచ్చేది. ఆ కిటికీ వెనక ఓదెలు మామ ఉండేవాడు.

మామ అంటే చుట్టం కాదు, క్వార్టర్లలో మా పక్కింటాయన. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఆయన చేతికిచ్చి, టోపీకి పెట్టుకునే ల్యాంపు తీసుకునేవాడు. ల్యాంపు ఉండే కొక్కేనికి మామ ఆ బిళ్ళను తగిలించేవాడు. పైకొచ్చాక ల్యాంపు ఇచ్చేస్తే బిళ్ళ వెనక్కి వచ్చేది. షిఫ్టు అయ్యాక కూడా కొక్కేనికి బిళ్ళ వేలాడుతోందంటే, ఒక మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నట్టు. ఆ ఒక్క విషయంలో మామ ఎవరి మాటా వినడు. "గీయనకు పెండ్లాం కన్న గా బిళ్ళల మీదనే పానం" అని మల్లక్క అత్త దెప్పుతుంటే, వినబడనట్టు మీసం దువ్వుకునేవాడు. చిన్నప్పుడు నాకు ఆయనంటే భయం, కొంచెం చిరాకు కూడా. నవ్వితే సొమ్మేం పోతుందో అనుకునేదాన్ని.

నా తొమ్మిదో ఏట, సద్దుల బతుకమ్మ నాడు, మా బాపు రాజేశం ఒక ఘనకార్యం చేశాడు. తంగేడు పూలు సరిపోలేదని పొద్దున నేను ఏడ్చాను. అది మనసులో పెట్టుకుని, షిఫ్టు దిగగానే సైకిలెక్కి నేరుగా గుట్టల వైపు పోయాడు. ల్యాంపు ఇవ్వడం మరిచిపోయాడు! నడుముకు కట్టిన ల్యాంపు బ్యాటరీ బరువు ఎంత అలవాటైపోయిందంటే, అది ఉన్నట్టు కూడా ఆయనకు తెలియలేదు. అక్కడ కొక్కేనికి బాపు బిళ్ళ ఒక్కటే మిగిలింది. రాజేశం బయటికి రావడం చూశామని ఇద్దరు చెప్పారట. "నువ్వు మనిషిని చూసినవ్. ల్యాంపేది?" అన్నాడట మామ. పండుగ పూట, ఇళ్లకు పోవలసినవాళ్లను మళ్లీ బాయిలోకి దింపించాడు. బాపు ఇంటికేమైనా వచ్చాడా అని అడగడానికి ఒకాయన మా గడపలోకి వచ్చేసరికి, మా అవ్వ (అమ్మను అట్లాగే పిలిచేవాళ్లం) చేతిలోని బతుకమ్మ తాంబాలం కిందపడింది. నా ఏడుపు వల్లే బాపు పోయాడనుకున్నాను. ఎందుకట్లా అనుకున్నానో నాకిప్పటికీ తెలియదు.

గంట తర్వాత బాపు వచ్చాడు. టోపీ తిరగేసి, దాని నిండా తంగేడు పూలు పోసుకుని తెచ్చాడు. టోపీకి ముందు ల్యాంపు, పట్టపగలు, వెలుగుతూనే ఉంది. అవ్వ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బాపు బాయికి ఉరికాడు. అప్పటికే వెతకబోయినవాళ్లు పైకి వచ్చి, మసి మొహాలతో కిటికీ ముందు నిలబడి ఉన్నారు.

"తప్పయింది ఓదెలన్నా" అన్నాడు బాపు.

మామ ల్యాంపు తీసుకుని, ఆర్పి, బిళ్ళ చేతిలో పెట్టాడు. "వచ్చినవా?" అన్నాడు. అంతే.

వెతికినవాళ్లలో ఒకాయన మామ మీద మండిపడ్డాడు. "పండుగ పూట ఇంతమందిని ఉట్టిగ తిప్పినవ్ గదనే!"

"ఉట్టిగ తిరిగొచ్చిండ్రు గదా, మంచిగైంది. రాజేశం గా లోపటనే దొరికితే ఎట్లుండు?" అన్నాడు మామ.

అప్పుడు చూశాను, మామ కొక్కేలన్నిటినీ మొదటి నుంచి మళ్లీ ఒక్కొక్కటే తడిమి చూస్తున్నాడు. ఆ గంట సేపూ అందరికంటే ఎక్కువ భయపడింది ఆయనేనని నాకు ఆ రోజే అర్థమైంది.

పెద్దదాన్నై ఈ ఉద్యోగంలోకి వచ్చాక, ముగ్గురిని లోపల కూర్చోబెట్టిన ఒక పరీక్షలో మూడో సీటు దగ్గరి గాలి మీటరు కాసేపు ఏ అంకెనూ చూపలేదు. బరువు లేని చోట వదిలిన ఊపిరి పైకి పోదు, మొహం ముందే నిలిచిపోతుంది. ఫ్యాను దాన్ని లాగకపోతే మనిషి తన ఊపిరే తాను పీల్చి మగతలోకి జారిపోతాడు. ఆ మీటరు ఉన్నది అందుకే. "మిగతా రెండూ బాగానే ఉన్నాయి కదమ్మా, మీటరే పాడై ఉంటుంది, సంతకం పెట్టెయ్యి" అన్నారు మా పై అధికారి. మర్నాడు పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారు. నేను పెన్ను మూత తీశాను కూడా, అబద్ధమెందుకు. కానీ ఆ ఖాళీ గడి నా కంటికి బిళ్ళ మిగిలిన కొక్కెంలా కనబడింది. సంతకం పెట్టలేదు. మూడు రోజులు అన్నీ విప్పించాను. చివరికి తేలింది, ఒక వైరు ఊడింది. గాలికి ఏ లోపమూ లేదు. ఆఫీసులో తలెత్తుకోలేక మామకు ఫోన్ చేశాను.

"అందర్ని పరేషాన్ చేసిన మామా. ఏం లేకుండె."

"లోపటోళ్లు మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నరు."

"మరి ఏడ్సుడెందుకు బిడ్డా? ఉట్టిగ తిరిగొచ్చినవ్. మంచిగైంది."

తర్వాత కొన్నాళ్లకు మన దేశస్థుడొకరు, మరో ముగ్గురితో కలిసి, ఒక ప్రైవేటు కంపెనీ నౌకలో అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. రాకెట్టు లేచినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది, మామ కొట్టలేదట. "పోవుడేముంది, పోతరు" అన్నాడట అత్తతో. వాళ్లు తిరిగివచ్చే రోజుకు నేను సెలవు మీద నస్పూర్‌లోనే ఉన్నాను. ఇప్పుడు కంపెనీలు కూడా మనుషుల్ని పైకి తీసుకుపోతున్నాయని చెబితే, "సర్కారుదైతేంది, కంపెనీదైతేంది, కొక్కెం కొక్కెమే" అన్నాడు. నౌక సముద్రంలో దిగింది. అందరూ సంబరపడ్డారు. అత్త టీవీ కట్టెయ్యబోతే కసిరాడు. తలుపు తెరిచి ఒక్కొక్కరినీ బయటికి తీస్తుంటే వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. నాలుగో మనిషి బయటికి వచ్చాక, అందరి చప్పట్లూ అయిపోయాక, అప్పుడు ఒక్కడే కొట్టాడు.

మొన్న చలికాలంలో మామ పోయాడు. ఊపిరి అందక చాలా అవస్థపడ్డాడు. చివరిసారి చూడబోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, "మనోళ్లు పోయి వచ్చేటాల్లకు నేనుంటనో లేనో. నువ్వుండాలె, కిటికీ కాడ" అన్నాడు. ఉంటానన్నాను.

నిన్న నమూనా క్యాబిన్‌లోంచి మొదటి మనిషి బయటికి వచ్చాడు, తర్వాత రెండో మనిషి. అందరూ చప్పట్లు మొదలుపెట్టారు. మూడో అతని బెల్టు ఎక్కడో ఇరుక్కుంది. నేను కాగితం పట్టుకుని నిలబడ్డాను. ఆ కాగితంలో చివరి గడి నేను పట్టుబట్టి చేర్పించింది: ఆఖరి మనిషి బయటికి వచ్చాడా? అది నింపనిదే మా దగ్గర ఏ పరీక్షా ముగియదు. కాసేపటికి అతను చెమటతో, నవ్వుతూ తల బయటపెట్టాడు. గడి నింపాను.

"అందరొచ్చిండ్రు మామా" అని నా నోటి నుంచి పైకే వచ్చేసింది.

పక్కనున్న అమ్మాయికి తెలుగు రాదు. ఏమన్నారు మేడమ్ అని అడిగింది.

ఇక చప్పట్లు కొట్టొచ్చు అన్నాను.