విస్తరాకుల మోపు

కారేపల్లిలో పాసింజరు ఎక్కిన ఆమె విస్తరాకుల మోపును తలుపు పక్కన దింపి, నా ఎదురుగా కూర్చుంది. మరో వారంలో ఆ రైలు తీసేసి ఒక్క పెట్టె రైలుబస్సు నడుపుతారు. దానిలో ఎందరు పడతారో రైల్వే ఉద్యోగిగా నేను కాగితం మీద లెక్క వేస్తున్నాను.

"కొత్త బండిల మోపులు ఎక్కనియ్యరంట గద, సారూ?"

"అవునమ్మా, చోటుండదు."

"ఇగ నడుసుడే. పదింటికల్ల టౌన్ల హోటలుకు ఆకులియ్యాలె. లేటయితే ఇంకోళ్ల దగ్గర కొంటడు. ఇంటికాడ ఎన్నింటికి ఎల్లాలె? జర లెక్కజూసి చెప్పు."

కారేపల్లి నుంచి టౌనుకు పదిహేను కిలోమీటర్లు, నడకకు గంటకు ఐదు. "ఏడింటికి బయలుదేరితే చాలు" అన్నాను.

"గంతేనా? అయితే పిల్లలకు వండిపెట్టే పోవచ్చు" అని నవ్వింది.

టౌను రాగానే మోపు తలకెత్తమంది. ప్లాట్‌ఫాం మీద నేను రెండు చేతులా ఎత్తినా అది మోకాలు దాటలేదు. మరొకాయన పట్టాకే ఆమె తలమీదికి చేరింది.

గంటకు ఐదు కిలోమీటర్లంటే వట్టి చేతులతో నడిచే నా నడక. ఆ మోపుతో గంటకు మూడు నడిస్తే గొప్ప. అది తట్టేసరికి ఆమె జనంలో కలిసింది, బండి కదిలింది. పరుగున ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఐదింటికే బయలుదేరాలి" అని కేకవేశాను. తలమీద అంత బరువున్న మనిషి వెనక్కి తిరగలేదు.