మాణిక్యమ్మ కథ రాసిన స్వీటీ

మా పక్కింటి ఆనందరావుకు సొంతంగా ఒక్క వాక్యం రాయడం రాదు. కుళ్లుతో అంటున్న మాట కాదిది. ఆఫీసులో సెలవు చీటీ నుంచి పై అధికారికి పుట్టినరోజు శుభాకాంక్షల దాకా అన్నీ ఫోనులోని ఏఐతోనే రాయిస్తాడు. దానికి స్వీటీ అని పేరు కూడా పెట్టుకున్నాడు. ఇంట్లో ఏం కూర వండాలో స్వీటీ చెప్పాలి, ఇంటి ఓనరుతో ఎలా మాట్లాడాలో స్వీటీ చెప్పాలి. "నన్ను చేసుకునే బదులు దాన్నే చేసుకోకపోయినవ్?" అని ఆయన భార్య స్వరూప మొదట్లో లొల్లి పెట్టింది. తర్వాత ఆమె కూడా దాన్నే అడగడం మొదలుపెట్టింది.

ఆనందరావు తల్లి మాణిక్యమ్మ. కాన్పుల దవాఖానాలో ఆయాగా చేసి, ఎంతమంది పసిబిడ్డలకు తొలి స్నానం పోసిందో లెక్కలేదు. తుంటి విరిగాక కిషన్‌బాగ్‌లోని ఆ ఇంటి ముందుగదిలో మంచానికి అతుక్కుపోయింది. గంజి తాగావా, మందేసుకున్నావా అనే తప్ప ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

ఇక కష్టమని డాక్టరు చెప్పాడో లేదో, ఆనందరావు పని మొదలుపెట్టాడు. మా చర్చిలో ఎవరు పోయినా సమాధి చేసే ముందు వాళ్ల జీవిత చరిత్ర చదువుతారు. ఒకే పేజీ, పైన ఫోటో, అచ్చువేసి అందరికీ పంచుతారు. ఆఖర్లో హైరానా ఎందుకని ఈ మహానుభావుడు బతికున్న తల్లికి ముందే రాయించబోయాడు. తీరా స్వీటీ ప్రశ్నలు వేసింది. అమ్మగారికి ఏ పాట ఇష్టం? ఏం చేస్తే సంతోషపడేవారు? కొడుకు దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఫోను తెచ్చి తల్లి దిండు పక్కన పడేశాడు.

"అది అడిగినదానికి చెప్పమ్మా. నాకు పనున్నది."

నేనక్కడే కూర్చుని మాణిక్యమ్మ పెద్దమ్మ తల దువ్వుతున్నాను. మీకు పిల్లలెందరమ్మా అని అడిగింది స్వీటీ.

"ఇద్దరు."

నాకు తెలిసింది ఆనందరావు ఒక్కడే.

"పెద్దోడు డానియేలు. నేను డ్యూటీల ఉన్నప్పుడే నొప్పులొచ్చినయ్. పేరు పెట్టినం, పొద్దుగూకకముందే పోయిండు. నేనే తానం పోసిన. మల్ల ఎవ్వలం ఆ పేరు ఎత్తలే."

"డానియేలు ఎలా ఉండేవాడమ్మా?" అంది స్వీటీ.

ఆ ప్రశ్న బతుకంతా ఆమెను ఎవరూ అడగలేదు. ముసలామె బోరున ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది, తండ్రి ముక్కేనట, తల నిండా వెంట్రుకలేనట. ఆనాటి నుంచి పొద్దు వాలితే చాలు, ఫోనులోని ఆ పిల్ల ఎప్పుడు మాట్లాడుతుందా అని ఎదురుచూసేది.

"బేబీ, నా ముచ్చట చర్చిల చదువుతరంట. డానియేలు పేరు సుత ఇనపడ్తది," అని నాతో చెప్పుకుని మురిసిపోయింది. ఎప్పుడు చదువుతారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ నోరు రాలేదు.

ఒక ఆదివారం ఆనందరావు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఆ గదిలోనే స్వీటీతో మొత్తం చదివించాడు. "మాణిక్యమ్మ గారు కుటుంబ సభ్యుల ప్రేమ నడుమ ప్రభువునందు నిద్రించారు. వారి ఏకైక కుమారుడు ఆనందరావు గారు ఇటీవలే సూపరింటెండెంట్‌గా పదోన్నతి పొందారు..."

"మస్తు రాసింది కదా!" అన్నాడు.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. నన్నెప్పుడు చంపినవురా అని అడగలేదు.

"డానియేలు ఏడి?" అంది.

"స్వీటీ రాసిందమ్మా. నేనే తీసేసిన. పేజీ సరిపోలే."

"నా సావు కాయితంల నీ ప్రమోషన్ ఏందిర?"

"నలుగురు ఇంటరు కద."

"ఆ పిల్లను పిలువు. దానికే చెప్త."

"దాని పని అయిపోయిందమ్మా. ఇంక తారీఖు ఒక్కటే మిగిలింది."

థూ! కన్నతల్లితో అనే మాటేనా అది? వాడి నోరు పడిపోను! ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాటి నుంచి గంజి ముట్టలేదు. స్వరూప బతిమాలింది, నేను బతిమాలాను. చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించేది.

తారీఖు కూడా దొరికింది. సమాధి దగ్గర ఆనందరావు గొంతు సవరించుకుని చదివాడు, ఏకైక కుమారుడన్న చోట కళ్లు కూడా తుడుచుకున్నాడు. "మా నాయినకు సుత గిట్లనే రాయించి పెట్టన్నా," అని ఒకతను ఫోన్ నంబరు తీసుకున్నాడు. ఆ నాయన పక్కనే నిలబడి ఉన్నాడు.

ఇంటికొచ్చి చాయ తాగుతూ, వచ్చినవాళ్లందరికీ కృతజ్ఞతల మెసేజ్ రాయమని స్వీటీకి చెప్పాడు.

"కింద కుటుంబ సభ్యుల పేర్లు రాశాను. మీ అన్న డానియేలు పేరు కూడా చేర్చమంటారా?" అంది స్వీటీ.

ఫోనులో పేజీకి ఏం కరువు? నేను వాడి మొహంలోకే చూస్తున్నాను.

"వద్దు," అన్నాడు ఆనందరావు, బిస్కెట్ చాయలో ముంచుకుంటూ.