మెడ వెనుక తీసిన పాయ

నన్ను పుట్టించి, పోషించి, ఇన్నేళ్ళ పనిలో నా చేతులు వణకకుండా నిలబెట్టిన దేవునికి ముందుగా స్తోత్రం చెల్లిస్తున్నాను. ఆయన మంచివాడని చిలకలగూడలో మా సంఘం ఆదివారం బడిలో నేర్చుకున్నాను. రాయబోయే సంగతిలో ఆ మంచితనం ఎక్కడుందో వెతికాను, నాకు కనబడలేదు. కనబడనంత మాత్రాన స్తుతి మానుకునే మనిషిని కాను. అందుకే ముందు స్తోత్రం, తర్వాత సంగతి.

కరోనా మూతలన్నీ అయిపోయి పార్లర్లు మళ్ళీ నిండడం మొదలైన ఏడాది, వేసవిలో, నన్ను మా పార్లరు రాంగోపాల్‌పేట్ బ్రాంచికి సీనియర్ టెక్నీషియన్‌గా పంపారు. మా వృత్తిలోనూ హోదాలు ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళు హెల్పర్లు, తలలు కడుగుతారు, తువాళ్ళు ఆరేస్తారు. ఆ పైన జూనియర్, ఆ పైన స్టైలిస్టు. కత్తెర పట్టే అర్హత స్టైలిస్టుకు ఉంటుంది కానీ, జుట్టును లోపలినుంచి మార్చే రసాయనం ముట్టుకోవాలంటే టెక్నీషియన్ ఉండాలి. ఫలితం ఎలా వచ్చినా ఆమెదే బాధ్యత.

జుట్టు శాశ్వతంగా తిన్నగా చేయడం అంటే ఏమిటని రిటైరయ్యాక కూడా నన్ను చాలామంది అడుగుతున్నారు. వెంట్రుక లోపల ప్రోటీన్ పోగులు ఉంటాయి. వాటిని గంధకపు బంధాలు ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతాయి. ఉంగరాల జుట్టైనా సాదా జుట్టైనా ఆ కట్టు వల్లనే. రీబాండింగ్ అనే ఈ పనిలో మొదటి క్రీము ఆ బంధాలను విప్పుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, సన్న సన్న పాయలుగా విడదీసి వేడి పలకల మధ్య లాగుతాం. జుట్టు తిన్నగా ఉన్న ఆ స్థితిలోనే న్యూట్రలైజర్ అనే రెండో మందు పూస్తాం. అది పెరాక్సైడు, విప్పిన బంధాలను కొత్త చోట మళ్ళీ బిగిస్తుంది. శాశ్వతం అన్న మాట ఆ రోజు తలమీద ఉన్న వెంట్రుకకే వర్తిస్తుంది. మర్నాటినుంచి వేరు దగ్గర పుట్టేది పుట్టుకతో వచ్చిన జుట్టే. ఈ మాట నేను ప్రతి కస్టమరుకూ చెప్పేదాన్ని. విన్నవాళ్ళు తక్కువ.

హైమ అనే అమ్మాయి తల్లితో కలిసి వచ్చింది ఆ వేసవిలోనే. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి సీతాఫల్‌మండిలో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. హైమకు విమానాశ్రయంలో గ్రౌండ్ స్టాఫ్ ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం శిక్షణ మొదలు. ఎంపిక చేసిన ఆవిడ అన్నీ బాగున్నాయని చెప్పి, జుట్టు మాత్రం కౌంటరులో నిలబడేలా లేదని, సరిచేసుకుని రమ్మని పంపిందట.

నిజానికి అది చక్కటి జుట్టు. నల్లగా, దట్టంగా, చుట్టలు చుట్టలుగా భుజాల కిందివరకు ఉంది. అదే మాట నేనంటే హైమ అద్దంలో నన్ను చూసి నవ్వింది.

"స్కూల్లో నన్ను ఏమని పిలిచీవారో తెలుసా మేడం? గిన్నెలు తోమే పీచు అని. టీచరు కూడా ఒకసారి నవ్వీసింది. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో నిలబడితే సెక్యూరిటీవాళ్ళు ముందు నా జుట్టులోనే వెతుకుతారు."

"ఊరుకోవే" అంది వాళ్ళమ్మ రమణమ్మ. పక్క కుర్చీలో వాళ్ళ వీధిలోనే ఉండే సరోజ ఆంటీ ఫేషియల్ పూతతో కళ్ళు మూసుకుని కూర్చుంది. కళ్ళు మూసుకున్నా చెవులు తెరిచే ఉన్నాయని అందరికీ తెలుసు. "గా పీచు మాటే నిజమైతే మా ఇంట్ల గిన్నెలన్నీ నీతోనే తోమిస్త బిడ్డా" అంది. హాలంతా నవ్వింది. హైమ అందరికంటే ఎక్కువ నవ్వింది.

రసాయనం ముట్టుకునే ముందు అడగవలసినవి అడిగాను. గతంలో ఎక్కడైనా స్ట్రెయిటెనింగ్ చేయించారా, మందులు వాడుతున్నారా, మాడు మీద పుండ్లు ఉన్నాయా, రంగు వేశారా. మా దగ్గర ఈ ప్రశ్నలు కుర్చీలోనే, అద్దం ముందే అడుగుతారు. అన్ని పార్లర్లలోనూ అంతే.

చివరి ప్రశ్నకు హైమ నోరు తెరిచింది. రమణమ్మ అందుకుంది. "మా పిల్లకి రంగేటండీ, ఇరవై మూడేళ్ళు! ఎప్పుడూ వెయ్యలేదు. కావాలంటే చూసుకోండి."

సరోజ ఆంటీ పూత కిందనుంచే, "పిల్లది పుట్టు నలుపు, మా కండ్ల ముందర పెరిగింది" అని సాక్ష్యం చెప్పింది.

మాటమీద ఆధారపడకుండా మేము పాయ పరీక్ష చేస్తాం. మెడ వెనుక, పైజుట్టు కింద దాగి ఉండే చోటునుంచి చిన్న పాయ తీసి రెండు మందులూ దానిమీద ముందుగా నడిపి చూస్తాం. మెడ వెనుకే ఎందుకంటే, పాయ పాడైనా బయటికి కనబడదు. మాకు నేర్పినవాళ్ళకూ అలాగే నేర్పారు. హైమ పాయ గట్టిగా నిలబడింది. సాగలేదు, తెగలేదు, మెరిసింది. నేను మొదలుపెట్టాను.

మొదటి క్రీము, కడగడం, ఇస్త్రీ, అన్నీ క్రమంగా జరిగాయి. మాడు ముందుభాగంలో జుట్టు కాస్త బిరుసుగా, క్రీము పట్టని చోటు ఒకటి రెండు తగిలాయి. ఉంగరాల జుట్టుకు అది మామూలే. ఇస్త్రీ అయ్యాక హైమ తన జుట్టును వేళ్ళతో పైనుంచి కిందికి దువ్వుకుంది. వేళ్ళు ఎక్కడా తట్టుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి అంది. ఆ ముఖం నాకు గుర్తుంది.

న్యూట్రలైజర్ వేశాక కాసేపటికి, "మేడం, నడినెత్తిన వేడిగా ఉందండి" అంది.

చేయి పెట్టాను. చల్లగా ఉండవలసిన మందు నా చేతి తొడుగు లోపలికి కాక తెలిసేలా వేడెక్కింది. సన్నగా పొగలాంటిది కూడా లేచింది. అది దేనికి గుర్తో మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. జుట్టుమీద లోహపు లవణం ఉంది. పెరాక్సైడు దాన్ని తాకితే వెంట్రుక లోపలే ఉడుకుతుంది. అసిస్టెంటు రజితను కేకేసి, హైమను బేసిన్ దగ్గరికి నడిపించి చల్లటి నీళ్ళు వదిలాను. మాడు కాలడం తప్పింది. జుట్టు దక్కలేదు. ముందుభాగమూ నడినెత్తీ తడిసిన నూలుపోగులా సాగి, నా వేళ్ళలోకి వచ్చేసింది. "అక్కా, జాలీ నిండిపోయింది, నీళ్ళు పోతలేవు" అంది రజిత.

అప్పుడు అడిగాను, ఏం పెట్టారని. హైమ తల వెనక్కి వాల్చి ఉంది. తల్లి వైపు చూడలేదు. రమణమ్మే చెప్పింది, చెవిలో చెప్పినంత చిన్నగా.

"మెహందీ కదండీ అది... కాలీ మెహందీ పొడి. రంగు కాదు కదా. చిన్నప్పుడే ముందర తెల్లబడిపోనాది పిల్లకి. నెలకోసారి ముందరా నడినెత్తినా మట్టుకే పెడతాను. ఎనక పెట్టలేదు, ఎనక నల్లగానే ఉన్నాది."

చౌకరకం నల్ల మెహందీ పొడుల్లో గోరింటాకు తక్కువ, కలిపే లోహపు లవణాలు ఎక్కువ. అవి పూత మీద పూతగా వెంట్రుకను పట్టుకుని ఉంటాయి. ఆమె మాత్రం దాన్ని రంగు అనుకోలేదు. రంగంటే పార్లరులో వేసేది, మెహందీ అంటే ఇంట్లో పెట్టుకునేది. అయినా నేను మెహందీ అనే అడిగి ఉన్నా, సరోజ ఆంటీ పక్కనుండగా ఆమె ఔనని ఉండేది కాదు. పెళ్ళికాని పిల్లకు తెల్ల వెంట్రుకలున్నాయని వీధిలో తెలియడం ఆమె దృష్టిలో జుట్టు పోవడంకన్నా పెద్ద ప్రమాదం. దాచవలసింది ముందుభాగంలో ఉంది. మా పరీక్ష వెనుక జరిగింది.

మిగిలిన జుట్టు, అంటే వెనుకదీ పక్కలదీ, చాలా బాగా వచ్చింది. నా పనిలో అంత తిన్నగా వచ్చిన తలలు ఎక్కువ లేవు. ఆ నున్నటి జుట్టు మధ్యలో, ముందూ నడినెత్తినా పెసరగింజంత మొలకలు. హైమ అద్దంలో చాలాసేపు చూసుకుంది. ఏడవలేదు. "సోమవారం ఎలాగమ్మా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. బస్సులో దారిపొడవునా ప్రార్థించాను, ఏం మాట్లాడాలో చూపించమని. వెళ్ళేసరికి హైమ ముందుగదిలో నున్నటి గుండుతో కూర్చుని ఉంది. గుండుమీద గంధం పూసి ఉంది. ఉదయమే మంగలిని ఇంటికి పిలిపించారట. గుమ్మం దగ్గర సరోజ ఆంటీ నిలబడి ఉంది.

"నౌకరీ వచ్చిందని మొక్కు తీర్చిండ్రట మేడం. మంచి పని చేసిండ్రు. నిన్న పార్లర్ల జెర పరేషాన్ అయిండ్రు గానీ, దేవునికిస్తే గా బాధంతా పోతది" అని నాతో చెప్పి వెళ్ళిపోయింది.

రమణమ్మ తలుపు దగ్గరగా వేసింది. "మీరూ అలాగే చెప్పాలండీ. అప్పన్న మొక్కని చెప్పీసేను వీధిలో. మీ పార్లరులో పిల్లలు కూడా అదే చెప్పాలి. లేకపోతే తెల్లజుట్టు సంగతి బయటికొచ్చీస్తాది."

దేవుని పేరుమీద నేను అబద్ధం ఆడలేనని చెప్పాను. ఎవరూ అడక్కుండా నేను నోరెత్తను, అడిగితే మాత్రం మొక్కని అనను అన్నాను.

"మీ దేవుడు వేరు కదండీ" అందామె. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. "మా దేవుడి మీద చెప్పే మాటకి మీకేటండీ బాధ?"

అంతలో హైమ మాట్లాడింది. "ఆ జుట్టు దేవుడికి ఇవ్వలేదు కదా మేడం. మీ బేసిన్‌లో పోయింది. ఇస్తే నేనే ఇచ్చీదాన్ని. ఇచ్చినట్టు అందరూ నాకు దండం పెడుతున్నారు. ఇప్పుడు దేవుడికి నేనేం చెప్పాలి?"

జబ్బుపడ్డవాళ్ళ దగ్గర, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర కూర్చుని నేను ప్రార్థన చేసినదాన్ని. ఎక్కడ ఏ వాక్యం చెప్పాలో సంఘంలో నన్ను అడిగేవారు. ఆ గదిలో నా నోటికి ఒక్కటి కూడా రాలేదు. హైమ భుజంమీద చేయి వేశాను. గంధం ఆరి పెచ్చులుగా ఆమె మెడమీద రాలుతోంది.

ఉద్యోగంవాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. జుట్టు వచ్చాక రమ్మన్నారు. వచ్చేలోపు ఆ చోట మరొకరిని తీసుకున్నారు.

నేను మా ఓనరుతో మాట్లాడాను. ప్రశ్నలు అడగడానికి ఒక చిన్న గది కావాలని, తల్లినైనా సరే బయట కూర్చోబెట్టి కస్టమరునే అడగాలని, పాయ పరీక్ష మెడ వెనుకనుంచే కాక ముందునుంచీ, నడినెత్తినుంచీ తీయాలని చెప్పాను. పాయల సంగతి ఒప్పుకున్నాడు. గదికి ఒప్పుకోలేదు. "మాట్లాడుకోనీకి గది ఇస్తే కుర్చీ యాడ వేస్తం అమ్మా?" అన్నాడు.

తర్వాతి ఏడాది, వానలు మొదలయ్యాక, హైమ ఒక్కతే వచ్చింది. జుట్టు చెవులదాకా పెరిగింది. అవే చుట్టలు. ముందుభాగంలో తెలుపు కుదుళ్ళ దగ్గర తొంగిచూస్తోంది, దాని పైన మెహందీ నలుపు. మరోచోట ఇంటర్వ్యూ ఉందట. పక్కన ఇద్దరు కస్టమర్లు కూర్చుని ఉండగానే, నేను అడక్కముందే చెప్పింది, గొంతు తగ్గించకుండా.

"ముందర తెల్లజుట్టు ఉందండి. కాలీ మెహందీ పెడుతున్నాను, నెలనెలా. పోయిన వారం కూడా పెట్టాను. స్ట్రెయిటెనింగ్ చేస్తారా?"

చేయనని చెప్పాను. ఆ పూత వేసిన జుట్టు పూర్తిగా పెరిగి, కత్తిరించుకునేదాకా ఎవరూ చేయకూడదని, మెహందీ ఆపి అలాగే పెరగనివ్వమని చెప్పాను. ఉంగరాల జుట్టును శుభ్రంగా ముడివేసే పద్ధతి చూపిస్తానన్నాను. ఆమె చివరిదాకా విన్నది.

"పోయినసారి అబద్ధం చెప్తే చేశారు" అంది. "ఈసారి నిజం చెప్తే వద్దంటున్నారు."

"నిజం చెప్పావు కాబట్టే వద్దంటున్నానమ్మా" అన్నాను.

"తెలుసు మేడం" అని సంచీ భుజాన వేసుకుంది. "ఎదురు వరసలో ఇంకో పార్లరు ఉన్నాది కదా. అక్కడ రంగు వెయ్యలేదని చెప్తాను."

వెనకాలే వెళ్ళి మెట్లమీద పట్టుకున్నాను. వద్దని బతిమాలాను. నా చేయి మెల్లగా విడిపించుకుని దిగి వెళ్ళిపోయింది. నేను ఆ పార్లరుకు ఫోన్ చేసి, అలాంటి అమ్మాయి వస్తే నడినెత్తినుంచి పాయ తీసి చూడమని చెప్పాను. ఫోనెత్తినామె మెడ వెనుక చూస్తామని, తమకు తెలుసని చెప్పి పెట్టేసింది. ఆ సాయంత్రం అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు. హైమ మళ్ళీ రాలేదు. నేను రిటైరయ్యేదాకా ఆమె గురించి ఏ కబురూ తెలియలేదు.

ఈ సంగతి నాకు నేర్పినవి చెప్తాను. పరీక్ష దాగిన చోట కాదు, దాచే చోట చేయాలి. రంగు వేశారా అని అడగకూడదు, తలకు ఏమేం పెడతారని అడగాలి, అదీ వినేవాళ్ళు లేనప్పుడు అడగాలి. ఈ రెండూ పాటించినా, నిజం చెప్పినవాళ్ళకు మా వృత్తి ఇవ్వగలిగింది వద్దన్న మాట ఒక్కటే. ఆ మాట వింటూ వాళ్ళు మన దగ్గర ఉండిపోతారని అనుకోకూడదు.

చదివినవారిని ఒక్కటి అడుగుతున్నాను. మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచినా సరే, నాతో కలిసి ఇంత మాత్రం ప్రార్థించండి. ప్రభువా, ఆ అమ్మాయి నిన్నడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉంటే, దాన్ని ఆమెకే చెప్పు. ఆమేన్.