నారుమడి దాకా గీసిన పుస్తకం

కాజీపేట రైల్వే కాలనీ పక్కన ఒక చిన్న బడిలో హన్నా శిశు తరగతికి టీచరు. ఆమె పిల్లలు కూత విని ఏ బండి వస్తుందో చెప్పగలరు గానీ, బియ్యం ఎక్కడివంటే రేషన్ షాపువి అంటారు. 1972 జూన్‌లో సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలోనే, దుక్కి నుంచి నూర్పిడి దాకా పన్నెండు బొమ్మలతో వాళ్లకొక పుస్తకం చేయాలని హన్నా డ్రాయింగు కాగితాలు కుట్టుకుంది.

మొదటి బొమ్మగా దుక్కి దున్నే రైతును గీసి పరకాల దగ్గరి ఊళ్లో ఉన్న తండ్రికి చూపించింది. చెరువు కింద రెండెకరాలు చేసుకునే యోసేపు, బొమ్మ చూసి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

"ఎవడు బిడ్డా వీడు, తాసిల్దారా? చెప్పులేస్కొని పొలంల దిగిండు."

"పాఠంల అట్లనే ఉన్నది బాపూ."

"ఆ పాఠం రాసినోడు పొలం ఎన్నడు చూసిండో. నువ్వు మాత్రం చూడకుంట గీయకు. నేను చేస్త, నువ్వు చూసి గీయి."

ఆదివారం యోసేపు నాగలి ముట్టడు. ఆ రోజు ప్రార్థనదే. హన్నాకేమో శనివారం ఒంటిపూట బడి. అందుకని తండ్రీకూతుళ్లకు శనివారం కుదిరింది. దుక్కి ఒక శనివారం, విత్తనం చల్లడం ఇంకో శనివారం. మూడో బొమ్మ నారుమడి. లేత ఆకుపచ్చ కుదరక హన్నా మూడుసార్లు రంగు కలిపింది. గట్టు మీద కూర్చున్న యోసేపు, "నా ముక్కు గింత పెద్దగుంటదా?" అని అలిగాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. శ్రావణంలో ఒక్కటే పెద్ద వాన పడి చెరువులోకి కాసిని నీళ్లొచ్చాయి. బుధవారం ఊరంతా నాట్లకు దిగింది. పక్క పొలం కట్టయ్య గట్టు మీద నిలబడి పిలిచాడు.

"యోసేపన్నా, కూలోళ్లు దొరికిండ్రు, నువ్వు గూడ ఏసెయ్యి."

"శనారం నా బిడ్డ వస్తది. నాటు బొమ్మ గీయాలె. మూడు రోజులే గద."

ఆ శనివారం బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హన్నా సాయంత్రం దాకా తరగతిలోనే ఉండిపోయింది. సోమవారానికి తూములో నీళ్లు ఆగిపోయాయి.

పై శనివారం వెళ్లేసరికి కట్టయ్య పొలంలో నాటు నిలదొక్కుకుంది. తండ్రి నారు మడిలోనే పసుపెక్కింది. తల్లి దీనమ్మ ఇంటి ముందు అరుగు దగ్గరే ఆపి చెప్పేసింది: "నీ కోసం ఆగిండు."

"ఊకో," అన్నాడు యోసేపు లోపలి నుంచి. "వాన పడలే. దానికి పిల్లేం జేస్తది."

దసరా ముందు పడిన జల్లుకు కట్టయ్యకు సగం పంటైనా చేతికొచ్చింది. యోసేపు ఎండిన నారు ఎడ్లకు వేశాడు, తర్వాత ఎడ్లనూ అమ్మాడు. మరుసటేడు కాజీపేట వచ్చి గూడ్స్ షెడ్డులో బొగ్గు దించే పనిలో చేరాడు. ఒక మధ్యాహ్నం హన్నా ఆయనకు సద్ది తీసుకెళ్లినప్పుడు, ఆ షెడ్డులోనే పనిచేసే వాళ్ల నాన్నకు టిఫిను తెచ్చిన విజయలక్ష్మి అనే హన్నా తరగతి పిల్ల అక్కడే ఉంది. యోసేపును ఎగాదిగా చూసింది.

"టీచర్ పుస్తకంల తాతవు గదా నువ్వు?"

యోసేపు మొహం మీది నుసి తుడుచుకున్నాడు. "నేను కాదు బిడ్డా. ఆయన వేరే. ఆయనకు పొలం ఉన్నది."

హన్నా సద్ది విప్పి తండ్రి ముందు పెట్టింది. ఆయన 1979లో పోయే దాకా ఇద్దరూ ఆ శనివారం మాట ఎత్తలేదు. పుస్తకం మాత్రం ఏటా తరగతిలో తెరిచేది. మూడు బొమ్మలయ్యాక మిగతా పంటంతా నోటితో చెప్పేది. చూడకుండా గీయడానికి చెయ్యి రాలేదు.

తండ్రి పోయిన మరుసటి వేసవిలో నాలుగో బొమ్మ గీసింది. చూసిందే గీసింది. ఒక పక్క పచ్చని నాటు, ఇటు పక్క ఎండిన నారు, గట్టు మీద తాత.

జూన్‌లో కొత్త పిల్లలు ఆ పేజీ దగ్గర ఆగారు. ముందు వరుసలోని అనసూయ వేలు పెట్టి చూపించింది.

"పక్కోళ్లది పచ్చగున్నది గద టీచర్. ఈ తాతదెందుకు ఎండింది?"

వాన పడలేదనే మాట హన్నా నోటి దాకా వచ్చింది.

"తాత నాటేయకుంట ఆగిండు," అంది. "బిడ్డ వస్తదని."

"రాలేదా?"

"రాలేదు."

"ఎందుకు రాలేదు?"

తరగతి అంతా ఆమె వైపే చూస్తోంది.

"బడి ఉండె," అంది హన్నా.